మూసుకుపోయిన ప్రణాళిక

వేగిరాజుపురంలో మురుగునీరు ఎందుకు నిలిచిపోతోందో ఇన్నేళ్ళుగా ఎవరూ కనిపెట్టలేకపోయారు. పూడిక వల్ల అని కొందరు, వాలు సరిగ్గా లేక అని కొందరు, కాంట్రాక్టరు పుణ్యమని చాలామంది అనుకుంటూ వచ్చారు. కొత్తగా వచ్చిన మున్సిపల్ కమిషనర్ త్రివిక్రమరావు గారు మాత్రం కుర్చీలో కుదురుకోక ముందే అసలు కారణం పట్టేశారు. మురుగు నిలిచిపోతున్నది మాటల వల్ల.

ఆయన వార్డు సభ పెట్టి జనం గోడు విన్నారు. ఒకాయన తన ఇంటి పైపు పూడిపోయిందన్నాడు. ఇంకొకాయన గొట్టం అన్నాడు. వెనకవీధి పెద్దావిడ తూము అంది. వరంగల్లు నుంచి కోడలిగా వచ్చిన అమ్మాయి మోరీ అంది. అనంతపురం నుంచి బదిలీ మీద వచ్చిన పోస్టుమాస్టరు జలదారి అన్నాడు. తక్కినవాళ్ళంతా డ్రైనేజీ అన్నారు. కమిషనర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఒకే వస్తువుకి ఇన్ని పేర్లుంటే సిబ్బంది దేన్ని బాగుచేయాలని సభను నిలదీశారు. నిర్దిష్ట నామం లేని వస్తువుకు నిర్దిష్ట మరమ్మతు అసాధ్యమని తేల్చారు. సభలో కొందరు చప్పట్లు కొట్టారు.

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. నామనిర్ణయం జరిగే వరకు పట్టణంలో సదరు వస్తువుల శుభ్రతా కార్యక్రమాలు నిలుపుదల చేయడమైనదని అందులో ఉంది. సదరు వస్తువు ఏమిటో ఉత్తర్వులో లేదు. దాని పేరే ఇంకా తేలలేదు కదా, ఎలా రాస్తారు?

పేరు తేల్చడానికి 'గృహ మురుగు పరిభాషా నిర్ణయ సంఘం' ఏర్పడింది. అందులో మున్సిపల్ ఛైర్మన్ గారు, కమిషనర్ గారు, నీటిపారుదల ఇంజనీరు, ఆరోగ్యాధికారి సభ్యులు. తెలుగు వచ్చినవాళ్ళు కూడా ఒకరుంటే బాగుంటుందని ఎవరో అనడంతో గవర్నమెంటు జూనియర్ కాలేజీ తెలుగు లెక్చరరు కొప్పిశెట్టి హైమవతికి కబురు పంపారు.

హైమవతికి యాభై దాటాయి. మాటంటే ఆమెకు ప్రాణం. నలుగురిలో ఎవరైనా ఒక మాటకు అర్థం అడిగితే చాలు, ఆ పూట వంట ఆలస్యమే. ఆమె భర్త సత్యానందం రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. ఇంట్లో కొత్త మాట వినిపిస్తే వంటింటి వైపు చూసి, నిట్టూర్చి, అటుకులు తెచ్చుకోవడానికి వెళ్ళడం ఆయనకు అలవాటు. వాళ్ళ ఇల్లు కుమ్మరివీధిలో ఉంది. పక్కింట్లో సీతారత్నం ఉంటుంది. ఆమె భర్త లారీ మీద నెలల తరబడి ఊళ్ళు తిరుగుతాడు. రత్నం పెరటి వసారాలో గ్రైండరు పెట్టుకుని ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి అమ్ముతుంది. ఆ రెండు ఇళ్ళూ ఒకప్పుడు అన్నదమ్ములు కట్టుకున్నవి. అందుకని రెండు వంటిళ్ళ నీళ్ళూ ఒకే పైపులోంచి హైమవతి గారి పక్కసందు కింద నుంచి వీధి కాలువలోకి పోతాయి. గోడ మీదుగా ఇటు పిండి, అటు కూర చేరుతూ ఉంటాయి. పదిహేనేళ్ళుగా ఆ రెండు రాకపోకలకీ అడ్డు లేదు.

సంఘం మొదటి సమావేశం టీతో మొదలై పట్టుదలల్లోకి దిగింది. గొట్టం అనే మాట అందరికీ తెలుసు, అదే పెట్టేద్దామని ఆరోగ్యాధికారి అన్నాడు. ఛైర్మన్ గారి ముఖం మాడిపోయింది. కిందటి ఎన్నికల్లో ప్రతిపక్షంవాళ్ళు మైకులో 'ఈ గొట్టంగాడు ఎవడు?' అని అడిగిన సంగతి ఊరు ఇంకా మరిచిపోలేదు. ఆ మాటను ప్రతి వీధిలోనూ బోర్డు మీద రాయించడానికి తాను ఒప్పుకోనని ఆయన ఖండితంగా చెప్పారు. తూము అందామంటే నీటిపారుదల ఇంజనీరు లేచి నిలబడ్డాడు. తూములన్నీ తమ శాఖ ఆస్తి అనీ, ఆ పేరు వాడుకోవాలంటే పై ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం తేవాలనీ అన్నాడు. నాళం అంటే ఆరోగ్యాధికారి ఒప్పుకోలేదు. నాళాలు ఒంట్లో ఉంటాయి, వీధిలో ఉండవు అన్నాడు. జలదారి, మోరీ మన జిల్లావి కావని తోసేశారు. పైపు ఇంగ్లీషుది.

చర్చ సాయంత్రానికి కూడా తెమలలేదు. చివరికి హైమవతి ఊరికే ఒక ముచ్చటగా చెబుతున్నట్టు, గర్భగుడిలోంచి అభిషేకం నీళ్ళు బయటికి పోవడానికి పెట్టే రాతి తూమును సంస్కృతంలో ప్రణాళం అంటారని, దాని నుంచే ప్రణాళిక అనే మాట వచ్చిందని, నిఘంటువులో చూస్తే ప్రణాళిక అంటే నీళ్ళు పోయే కాలువేనని చెప్పింది.

కమిషనర్ గారు కుర్చీలోంచి నెమ్మదిగా లేచారు.

హైమవతి వెంటనే, ఇప్పుడు ఆ మాటను మనం వేరే అర్థంలో వాడుతున్నామని, పట్టణ ప్రణాళిక అనీ వార్షిక ప్రణాళిక అనీ రాసుకుంటున్నామని గబగబా గుర్తు చేసింది.

"అర్థం అన్యాక్రాంతమైందన్నమాట," అన్నారు కమిషనర్ గారు. "ఆక్రమణలు తొలగించడం పురపాలక సంఘం ప్రాథమిక విధి, మేడమ్."

అందరూ బల్లలు చరిచారు. హైమవతి ఇంకోసారి వద్దని చెప్పాల్సింది. కానీ తన నోటినుంచి వచ్చిన మాట ఒక ఊరి మాట కాబోతోందంటే ఏ తెలుగు మేష్టారికైనా ఒళ్ళు పులకరించదా? ఆమెకూ పులకరించింది. ఊరుకుంది.

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. టౌన్ హాల్లో ఆమెకు శాలువా కప్పి 'పదప్రణేత్రి' అని బిరుదిచ్చారు. వీధి మలుపుల్లో బోర్డులు వెలిశాయి. 'ప్రణాళికలో చెత్త వేయరాదు.' 'ప్రణాళికపై మూత తీసి ఉంచరాదు.' 'మీ ప్రణాళిక వాసన వస్తున్నదా? సంప్రదించండి.' మున్సిపల్ ఆఫీసులో ఎవరైనా పైపు, గొట్టం, డ్రైనేజీ వంటి రద్దయిన మాటలు పలికితే అక్కడికక్కడే జరిమానా వేసేలా తీర్మానం చేశారు. పారిశుద్ధ్య సిబ్బందికి ఉచ్చారణ తరగతులు పెట్టారు. ళకారం నాలిక మడిచి పలకాలి కాబట్టి అందరూ నేర్చేసరికి వానలు పడ్డాయి.

ఆ వానల్లోనే హైమవతి ఇంటి ప్రణాళిక మూసుకుపోయింది.

ముందు ఆమె వంటింటి తొట్టిలో నీళ్ళు దిగడం మానేశాయి. మర్నాటికి గోడ అవతల రత్నం వసారాలోకి ఎగదన్నాయి. రత్నం చీపురుతో నెట్టుకుంటూ గోడ దగ్గరికి వచ్చి, మున్సిపాలిటీలో మీ మాటకు విలువుంది కదా హైమక్కా, ఒక్క ఫోను కొట్టండి అని అడిగింది. హైమవతి కాస్త గర్వంగానే కొట్టింది. మా గృహ ప్రణాళిక మూసుకుపోయిందని స్పష్టంగా, ళకారంతో సహా చెప్పింది. అవతలివాడు మర్యాదగా విని, సంబంధిత విభాగానికి పంపుతున్నానన్నాడు.

మధ్యాహ్నం టేపు పట్టుకుని పట్టణ ప్రణాళికా విభాగం వాళ్ళు దిగారు. ఇంటి ప్రణాళికలో ఏదో లోపం ఉందని తమకు సమాచారం వచ్చిందన్నారు. హైమవతి తొట్టి చూపించబోతే అది తమ పరిధి కాదన్నారు. ఇల్లు నాలుగు వైపులా కొలిచారు. వంటింటి కిటికీ పైన సన్‌షేడు రోడ్డు వైపు ఒక జానెడు ముందుకొచ్చిందని తేల్చి, దాన్ని ఎందుకు కొట్టేయకూడదో చెప్పమని నోటీసు చేతికిచ్చి వెళ్ళిపోయారు. సన్‌షేడు గురించి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియదని, ఇప్పుడు పిలిచి మరీ చూపించామని సత్యానందం అన్నాడు.

హైమవతి ఈసారి నోటిమాట వద్దనుకుని చక్కటి దస్తూరీతో అర్జీ రాసింది. తమ గృహ ప్రణాళిక పూర్తిగా విఫలమైందనీ, దాని ఫలితం పొరుగింటివారు కూడా అనుభవించవలసి వస్తోందనీ, కనుక వెంటనే తగు చర్య తీసుకోవాలనీ రాసింది. ఆ అర్జీ చదివిన గుమాస్తాకు గృహ ప్రణాళిక అనే సబ్జెక్టు ఎక్కడా కనిపించలేదు. దగ్గరగా ఉన్నది కుటుంబ ప్రణాళిక. దాన్ని అక్కడికి పంపాడు.

రెండు రోజుల తర్వాత నర్సు మేరీ సుజాత సంచీ తగిలించుకుని వచ్చింది. హైమవతి ఆమెను వంటింటి వైపు తీసుకెళ్ళబోతుంటే, ముందు కూర్చోమని మెల్లగా చెప్పి, ప్రణాళిక ఎప్పుడు విఫలమైందని అడిగింది. సోమవారం అంది హైమవతి. నర్సు తలూపి, ఇప్పుడు ఎన్నో నెల అని అడగబోయి, ఆమె నెరిసిన జుట్టు చూసి ఆగిపోయింది. అర్జీ తీసి మళ్ళీ చదువుకుంది. పొరుగింటివారు కూడా అనుభవిస్తున్నారన్న వాక్యం దగ్గర ఆమె ముఖం ఎర్రబడింది. సత్యానందం పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయాడు.

సంగతి తెలిశాక నర్సే తల పట్టుకుంది. "మేడమ్, నాకు రాసిచ్చింది ఇదేనండి. ఈ మాత్రల పాకెట్టు తీసుకుని సంతకం పెట్టేయండి. పెట్టకపోతే విచారణకి ఇంకొకళ్ళని పంపుతారు."

హైమవతి సంతకం పెట్టింది.

ఆ వారంలో రత్నం గ్రైండరు మోటారులోకి నీళ్ళు పోయాయి. బాగు చేయించి మళ్ళీ పిండి రుబ్బినా కొనేవాళ్ళు వసారా దాకా వచ్చి ముక్కు మూసుకుని వెనక్కి తిరిగారు. రోజూ గిన్నెలతో పిండి పట్టుకెళ్ళే బస్టాండు హోటలాయన వేరే చోట మాట్లాడుకున్నాడు. హైమవతి వంకాయ కూర గిన్నె గోడ మీద పెట్టి పిలిచింది. రత్నం వచ్చింది గానీ గిన్నె ముట్టుకోలేదు.

"మీరు చదువుకున్నోళ్ళు హైమక్కా. దాన్ని ఏమని పిలవాలో మీకు తెలుసు," అంది. "నాకు పేర్లు తెలీవు. పులిసిన పిండి వాసనకీ దీనికీ తేడా తెలుసు. నా దగ్గర కొనేవాళ్ళకీ తెలుసు."

కేకలేసి ఉంటే హైమవతి ఓర్చుకునేది. రత్నం అలసిపోయిన గొంతుతో నెమ్మదిగా అని లోపలికి వెళ్ళిపోయింది. కూర సాయంత్రం దాకా గోడ మీదే ఉంది. టౌన్ హాల్లో కప్పిన శాలువా ఆ రాత్రి బీరువాలోంచి బయటికి తీసి చూస్తే హైమవతికి సిగ్గేసింది.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి, ప్లంబరు గంగరాజు ఇంటికి తానే వెళ్ళింది. గంగరాజు దండం పెట్టి, నా వల్ల కాదండి అన్నాడు. మొన్న కోమటివీధిలో ఎవరికో పూడిక తీస్తుంటే మున్సిపాలిటీవాళ్ళు పట్టుకుని 'అనధికార ప్రణాళికా సవరణ' కింద తన కర్రలు, కడ్డీలు అన్నీ జప్తు చేశారని చెప్పాడు. సరేనని ఆమె అక్కడి నుంచి మున్సిపల్ ఆఫీసుకే వెళ్ళింది. సెక్షను గుమాస్తా ఆమెను చూసి కుర్చీ వేశాడు. పూడిక తీయడమంటే ప్రణాళికను సవరించడమే కదండీ అని వినయంగా వివరించాడు. ప్రణాళికను సవరించే అధికారం కౌన్సిల్‌కు మాత్రమే ఉందనీ, కౌన్సిల్ ఆమోదించాక జిల్లాకు, జిల్లా నుంచి రాజధానికి వెళ్ళి రావాలనీ చెప్పాడు.

"నేను అడుగుతున్నది పైపు గురించి, బాబూ," అంది హైమవతి విసిగిపోయి.

గుమాస్తా నొచ్చుకున్నాడు. "మీరే ఆ మాట అంటే ఎలాగండీ?" అంటూ జరిమానా రసీదు రాసిచ్చాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మున్సిపాలిటీకి మహర్దశ పట్టింది. రాష్ట్రంలో ఏ పట్టణంలో ఎన్ని ప్రణాళికలు ఉన్నాయో తెలపమని పైనుంచి వర్తమానం వచ్చింది. మిగతా పట్టణాలు మూడో నాలుగో రాసి పంపాయి. వేగిరాజుపురం ఇంటికొకటి చొప్పున లెక్కపెట్టి వేలల్లో పంపింది. సమీక్షలో పెద్దాఫీసరు ఆశ్చర్యపోయి, ఇన్ని ప్రణాళికలు ఎలా నడుస్తున్నాయని అడిగాడట. అన్నీ నిండుగా ఉన్నాయని కమిషనర్ గారు ఉన్నమాటే చెప్పారు. వేగిరాజుపురానికి మొదటి ర్యాంకు, ఒక జ్ఞాపిక వచ్చాయి. జ్ఞాపిక ఊరేగింపు కుమ్మరివీధిలోకి రాలేకపోయింది. అక్కడ నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి.

ఆ నీళ్ళను కిటికీలోంచి చూస్తూ హైమవతి తీర్మానం ప్రతి ముందేసుకుని కూర్చుంది. మొదటి నిబంధనలోని నిర్వచనం ఆమె రాసిచ్చిందే. 'గృహములయందు వాడిన నీటిని వెలుపలికి గొనిపోవునది ప్రణాళిక.' రాసేటప్పుడు 'గొనిపోవునది' దగ్గర ఎంత మురిసిపోయిందో ఆమెకు గుర్తుంది. ఇప్పుడు దాన్నే పదిసార్లు చదివింది. పదకొండోసారి చదివి, చెప్పులు తొడుక్కుని బయల్దేరింది.

కమిషనర్ గారు జ్ఞాపికను ఏ గోడకు పెట్టించాలో చూసుకుంటున్నారు. హైమవతి కూర్చోకుండానే, తనకొక ధ్రువపత్రం కావాలంది. తమ ఇంటికి ప్రణాళిక లేదని రాసివ్వాలంది.

లేకపోవడమేమిటి, ఇంటింటికీ లెక్కపెట్టాం కదా అన్నారాయన. ఆమె నిర్వచనం చదివి వినిపించింది. నీటిని వెలుపలికి గొనిపోవునది ప్రణాళిక. మా ఇంట్లో ఉన్నది చుక్క నీటిని కూడా బయటికి గొనిపోవడం లేదు. కాబట్టి అది ప్రణాళిక కాదు.

త్రివిక్రమరావు గారిని ఏమైనా అనొచ్చు గానీ, తర్కానికి తల వంచని మనిషి మాత్రం కాదు. "వాదన నిర్దుష్టంగా ఉంది," అని ఒప్పుకున్నారు. "అయితే మేడమ్, అక్కడ ఉన్న వస్తువు ఏమిటి?"

"దానికి పేరు లేదండి. పేరు లేని వస్తువు మున్సిపాలిటీ పరిధిలోకి ఎలా వస్తుంది?"

కమిషనర్ గారు సంతకం చేశారు. స్టాంపు కూడా వేయించారు.

ఆ కాగితం చూశాక గంగరాజుకు ధైర్యం వచ్చింది. కర్రలు జప్తులో ఉన్నాయి కాబట్టి ఎక్కడో పొడుగాటి వెదురుబద్ద చీల్చి తెచ్చుకున్నాడు. హైమవతి చీర కుచ్చెళ్ళు ఎగదోపి సందులో దిగింది. పైపు మీద పరిచిన రాళ్ళు తొలగించడం ఆమెకు చేతకాకపోయినా తొలగించింది. చప్పుడు విని రత్నం గోడ మీదుగా చూసింది. లోపలికెళ్ళి బకెట్టు తీసుకుని వచ్చింది. గంగరాజు బద్ద తోస్తుంటే కొబ్బరిపీచు, గుడ్డపేలికలు, ఎవరి ఇంటిదో ఒక గరిటె, గట్టిపడిన పిండి ముద్ద బయటికొచ్చాయి. ఆ ముద్ద చూసి రత్నం మొహం పక్కకు తిప్పుకుంది.

"నాది కూడా ఉందన్నమాట ఇందులో," అంది.

"గరిటె నాదే," అంది హైమవతి.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వారు. ఇంతలో కింద ఎక్కడో గుడగుడమని చప్పుడైంది. రత్నం వసారాలో నీళ్ళు ఒక్కసారి కదిలి, సుడి తిరిగి, దిగిపోయాయి. హైమవతి జన్మలో ఎన్నో పద్యాలు విన్నది గానీ ఇంత కమ్మగా ఏదీ వినిపించలేదు.

అరుగు మీద నిలబడి చూస్తున్న సత్యానందానికి ఒక సందేహం వచ్చింది. ఇప్పుడు నీళ్ళు బయటికి పోతున్నాయి కాబట్టి అది మళ్ళీ ప్రణాళిక అయిపోయినట్టే కదా అని అడిగాడు.

"మెల్లగా అనండి," అంది హైమవతి.

ఇటువంటి కబురు ఊళ్ళో దాగుతుందా? మర్నాటి నుంచి మున్సిపల్ ఆఫీసు ముందు బారులు తీరారు. అందరికీ ఒకటే కోరిక. తమ ఇంటికి ప్రణాళిక లేదని రాసివ్వాలి. అధికారులు వెళ్ళి చూస్తే ఎక్కడా నీళ్ళు పోవడం లేదు. కాదనడానికి వీల్లేక రాసిచ్చారు. పత్రం అందిన ఇంట్లో ఆ సాయంత్రమే వెదురుబద్ద దిగింది. గంగరాజు చేతికింద నలుగురు పనివాళ్ళు చేరారు. కుమ్మరివీధి ఆరింది, కోమటివీధి ఆరింది, చివరికి బస్టాండు కూడా ఆరింది. రత్నం వసారాలో గ్రైండరు తిరిగింది. బస్టాండు హోటలాయన ఏమీ ఎరగనట్టు గిన్నెలు పట్టుకుని వచ్చాడు. రత్నం కూడా ఏమీ ఎరగనట్టే ధర కొంచెం పెంచింది.

ఊరు పొడిగా అయ్యేసరికి రికార్డుల ప్రకారం వేగిరాజుపురంలో ఒక్క ప్రణాళిక కూడా మిగల్లేదు. నిన్నటి మొదటి ర్యాంకు పట్టణం ఆఖరి స్థానానికి ఎలా దిగజారిందో సంజాయిషీ ఇవ్వమని పైనుంచి ఘాటుగా తాఖీదు వచ్చింది. మురుగు గొడవ మాకొద్దు, రాబోయే అయిదేళ్ళలో పట్టణంలో ఏ పని ఎప్పుడు చేస్తారో వివరించే అసలు ప్రణాళిక పంపండి అన్నారు.

కమిషనర్ గారు వెంటనే సంఘాన్ని సమావేశపరిచారు. ఛైర్మన్ గారు, ఇంజనీరు, ఆరోగ్యాధికారి వచ్చారు. హైమవతి రానంది. జీపు పంపారు. రాక తప్పలేదు.

పరిస్థితి జటిలంగా ఉందని కమిషనర్ గారు వివరించారు. పైవారు అడుగుతున్న వస్తువుకు ఇదివరకు ఉన్న పేరును మనం సర్వసమ్మతితో మురుగుకు ఇచ్చేశాం. వెనక్కి తీసుకుంటే సంఘం గౌరవానికి భంగం. కనుక జరగబోయే పనులను ముందుగా ఆలోచించి, వరుసలో పెట్టి రాసుకునే ఆ వస్తువుకు ఒక కొత్త పేరు కావాలి. పేరు లేకుండా దాన్ని తయారుచేయడం ఎలాగో మీకు తెలియంది కాదు. పదప్రణేత్రిగా మీరే అనుగ్రహించాలి.

అందరూ హైమవతి వైపు చూశారు. ఈసారి ఆమెకు ఒళ్ళు పులకరించలేదు. టీ గ్లాసు పక్కన పెట్టింది.

"చూడని వస్తువుకి పేరు పెట్టడం కష్టమండీ," అంది. "ఈ ఆఫీసులో ఇన్నేళ్ళలో చేసింది ఒక్కటి ఉంటే తెప్పించండి. ఎలా ఉంటుందో చూసి పేరు పెడతాను."

న్యాయమైన మాటేనని సంఘం ఒప్పుకుంది. గుమాస్తాలు బీరువాలు తెరిచారు. అటకల మీంచి కట్టలు దించారు. శంకుస్థాపనల ఫొటోలు, రద్దయిన టెండర్లు, కలెక్టరు గారు వచ్చినప్పుడు కట్టిన తోరణాల బిల్లులు, ఎవరో మరిచిపోయిన టిఫిను క్యారియరు బయటపడ్డాయి. ఇంజనీరు తుమ్ముతూ తన ఆఫీసులో ఏమైనా దొరుకుతుందేమో చూసొస్తానని వెళ్ళాడు. ఛైర్మన్ గారు బల్ల సొరుగులన్నీ లాగి చూశారు. కమిషనర్ గారు స్వయంగా కోటు విప్పి అటక ఎక్కారు.

హైమవతి కాసేపు చూసి, టీ తాగేసి, కాలేజీ గంట కొట్టే వేళయిందని చెప్పి లేచింది. దొరికాక కబురు చేస్తామని అటక మీంచి కమిషనర్ గారు అన్నారు. అలాగేనంది. ఇంతవరకు కబురు రాలేదు.